తెరమీద ఉండాలి, కాగితం మీద రాకూడదు

సీతంపేట ఏజెన్సీ బడుల్లో పనిచేస్తూ, పిల్లల అభ్యాస పత్రాలు సొంతంగా కంప్యూటర్‌లో తయారు చేసుకునే టీచర్లకు ఈ పూట ఒక ఉపాయం చెబుతాను.

సవర గూడల నుంచి వచ్చే పిల్లల నోట్లో ఉండేది సవర భాష. పాఠం చెప్పే మాస్టారు చాలాసార్లు మైదానం మనిషి. మాస్టారు సవర నేర్చుకోవడం కొత్తేమీ కాదు: గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకుని, 1931లో ఆ భాషకు వ్యాకరణం వెలువరించారు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలైతే అందులో సవర కూడా ఉంది. పాఠాలు తెలుగు లిపిలోనే ఉంటాయి కనుక అక్షరాలు మనకు తెలుసు. పలుకు మాత్రం తెలియదు. గొంతు దగ్గర గాలిని చటుక్కున ఆపి పలికే శబ్దం సవరలో ఉంది, తెలుగులో లేదు. అందుకే మాస్టారికి మాట పక్కనే చిన్న సూచన కావాలి: ‘ఇక్కడ గొంతు ఆపండి’, ‘దీని అర్థం నీళ్లు’ అని. ఆ సూచన పిల్లవాడి కాగితం మీద అచ్చయిందంటే ఇక వాడు ఆలోచించేదేముంది? జవాబు చూసి రాసేస్తాడు.

వర్డ్‌లో హిడెన్ టెక్స్ట్ అని ఒకటుంది కదా అంటారు. నిజమే, తెరమీద కనిపించేలా పెట్టుకోవచ్చు, మామూలుగా ప్రింటులో రాదు. కానీ ఆ ఫైలును పీడీఎఫ్ చేస్తే ఆ మాటలు పీడీఎఫ్‌లోకే రావు. మనం ఒకరికొకరం పంపుకునేది పీడీఎఫ్.

పీడీఎఫ్‌లోనే దీనికి దారి ఉంది. 2003లో వచ్చిన పీడీఎఫ్ 1.5 నుంచి పేజీ మీది మాటల్ని పొరలుగా విడదీయవచ్చు. ఏ పొర తెరమీద కనిపించాలి, ఏది ప్రింటులో రావాలి అన్నది వేరువేరుగా ఫైలులోనే రాసి పెట్టవచ్చు. లేటెక్ అనే పత్రాల తయారీ సాఫ్ట్‌వేర్‌లో రాసేవారికి ఓసీజీఎక్స్2 అనే ప్యాకేజీ ఈ పని చేసిపెడుతుంది. లేటెక్ ఉచితం. తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగ్గా రావాలంటే జీలేటెక్‌తో కంపైల్ చేయండి, ఫాంటు నోటో తెలుగు గాని మండలి గాని పెట్టుకోండి.

పెన్ను దగ్గరుంటే రాసుకోండి. ఫైలు మొదట్లో బ్యాక్‌స్లాష్ యూజ్‌ప్యాకేజ్, ఫ్లవర్ బ్రాకెట్లలో ఓసీజీఎక్స్2. సూచన వచ్చే చోట బ్యాక్‌స్లాష్ బిగిన్, ఫ్లవర్ బ్రాకెట్లలో ఓసీజీ. దాని వెంటనే చదరపు బ్రాకెట్లలో ప్రింట్‌ఓసీజీ ఈజీక్వల్‌టు నెవర్. తర్వాత వరసగా మూడు జతల ఫ్లవర్ బ్రాకెట్లు: మొదటి దాంట్లో పొర పేరు, రెండో దాంట్లో దాని గుర్తు, మూడో దాంట్లో 1 అంకె. 1 అంటే ఫైలు తెరవగానే కనిపించు అని. ఆపైన మీ సూచన రాసి, బ్యాక్‌స్లాష్ ఎండ్, ఓసీజీతో ముగించండి. అసలు కీలకం ఆ ‘నెవర్’ అన్న మాటలో ఉంది. అది వదిలేస్తే తెరమీద కనిపించేదంతా ప్రింటులోనూ వస్తుంది.

ఇంకో లాభం కూడా ఉంది. మాట ప్రింటులో రాకపోయినా అది ఆక్రమించిన చోటు అలాగే ఖాళీగా మిగులుతుంది. జవాబును ఆ పొరలో పెట్టి కింద గీత గీస్తే, పిల్లవాడు రాసే చోటు తయారైనట్టే. రెండో తరగతి పిల్లలు పెద్ద పెద్ద అక్షరాలు రాస్తారు, అందుకని పక్కన ఇంకాస్త జాగా వదలండి.

రెండు జాగ్రత్తలు తప్పవు. ఈ పొరల నియమాన్ని అక్రోబాట్ రీడర్ పాటిస్తుంది. అన్ని ఫోన్ యాప్‌లూ, అన్ని బ్రౌజర్లూ ఒకేలా పాటించవు. పాలకొండ దిగి జిరాక్స్ షాపులో వాట్సాప్ నుంచే ప్రింటు తీయించే పనైతే దీన్ని నమ్ముకోవద్దు. అలాంటప్పుడు అదే లేటెక్ ఫైలు నుంచి సూచనలు లేని పీడీఎఫ్ వేరుగా తీసి షాపుకు ఇవ్వండి. మూలం ఒక్కటే కనుక ఒక చోట తప్పు దిద్దితే రెండిట్లోనూ సరవుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. ప్రింటులో రాకపోవడం వేరు, రహస్యంగా ఉండటం వేరు. ఫైలు ఎవరి చేతికి వెళ్తే వారికి జవాబులు కనిపిస్తాయి, కాపీ కూడా అవుతాయి. కనుక పరీక్ష ప్రశ్నపత్రాలకు ఈ పద్ధతి ఎంతమాత్రం పనికిరాదు. రోజూ తరగతిలో వాడే పత్రాలకే వాడండి.

సవర బాగా వచ్చిన తోటి టీచర్లు, విద్యా వాలంటీర్లు మీ బడిలో ఉంటే ముందు వాళ్లకు ఉచ్చారణ సూచనలు చూపించి సరిచేయించుకోండి. ఆ తర్వాత ఒక్క పేజీ ప్రింటు తీసి, తెరమీది పేజీ పక్కన పెట్టి చూసుకున్నాకే మిగతావి తీయించండి.