పూర్వుల జాడలు



తద్దినము పెట్టువాడు మూడు తరముల పేర్లు చెప్పును: తండ్రి, తాత, ముత్తాత. అతడు గతించిన పిదప అతని కుమారుడు తన తండ్రి పేరును క్రొత్తగా చేర్చి, పైనున్న ముత్తాత పేరును విడిచిపెట్టును. ఈ విధముగా ప్రతి తరమునందును ఒక పేరు నోటినుండి జారిపోవుచుండును. కర్మ చేయు ఆచారము గల యిండ్లలోనే యిట్లుండగా తక్కినవారి సంగతి చెప్పనేల? గోత్ర మొకటి మిగులును. ఇంటిపే రొకటి మిగులును. నడుమనున్న మనుష్యులెవరు, ఏ కాలమున, ఏ యూరినుండి, ఏ కష్టము వచ్చి యీ నల్లమల క్రిందికి చేరిరి? మార్కాపురము, గిద్దలూరు, కంభము సీమలలో దీనికి సమాధానము వెదకు మార్గములను గూర్చి నేడు ముచ్చటించెదను.

నన్నీ పనికి పురికొల్పినవాడు అమెరికాలో పుట్టి పెరుగుచున్న మా చెల్లెలి మనుమడు. అచ్చటి పాఠశాలలో నిచ్చిన వంశవృక్షపు పటము నొకదానిని నాకు పంపి, "తాతా, ఈ గడులన్నియు నింపి పంపుము" అని వ్రాసెను. మొదటి చిక్కు జన్మదినముల యొద్దనే వచ్చినది. మా పెద్దమ్మ "ధాత కరువు నడుమ, ధాత పోయిన యేట మా అవ్వ పుట్టినది" అని చెప్పెడిది. ధాత అరువది యేండ్ల కొకసారి తిరిగి వచ్చునది: 1816లో వచ్చినది, 1876లో వచ్చినది, 1936లో వచ్చినది. కరువను మాట తోడుగా నుండుటచేత 1876-78 నాటి మహాక్షామ మని తేలి, ఆ యవ్వ పుట్టినది ఈశ్వర సంవత్సరమనగా 1877-78 అని నిశ్చయింపగలిగితిని. కరువు మాట లేకున్న అరువది యేండ్ల తేడా వచ్చి, రెండు తరములు తారుమారు కావలసినదే. రెండవ చిక్కు పేర్లది. తాత పేరు మనుమనికి పెట్టుట మన వాడుక గనుక, వెంకయ్య కొడుకు సుబ్బయ్య, సుబ్బయ్య కొడుకు వెంకయ్య. ఏ కాగితములోని వెంకయ్య ఏ వెంకయ్యయో తేల్చుటకు భార్య పేరు కావలెను. అదియే కాగితములో నుండదు. మూడవది అన్నిటికంటె గట్టిది. ఆ పటములో మనిషికి ఒక్క గడి. మా వంశములో అక్క కూతురిని చేసికొన్నవా డొకడు కలడు. అతనికి అక్కయే అత్తయైనది. ఆమె నే గడిలో కూర్చుండబెట్టవలెను? మేనరికములు తరతరములుగా నడచిన యిండ్లలో వంశము చెట్టు వలె కొమ్మలుగా చీలదు. వల వలె తిరిగి తిరిగి ముడిపడును.

ఆ పటము పుట్టిన దేశములో ఈ శోధన మిక్కిలి ముదిరిన విద్య. 1620లో మేఫ్లవరు అను ఓడలో 102 మంది ప్రయాణికులు అట్లాంటికు సముద్రము దాటి వచ్చి ప్లిమతులో దిగిరి. మొదటి చలికాలములోనే ఇంచుమించు సగము మంది మడిసిరి. ఆ వలసకు గవర్నరుగా నుండిన విలియం బ్రాడ్‌ఫర్డు సుమారు ముప్పది యేండ్ల పిదప కూర్చుండి, ఏ కుటుంబమున నెవరెవరు వచ్చిరో, ఎవరు పోయిరో, ఉన్నవారి కెందరు బిడ్డలు కలిగిరో వరుసగా పట్టిక వ్రాసిపెట్టెను. నేడు ఆ దేశమున "మేము మేఫ్లవరువారము" అని చెప్పుకొనువారికి ఆ పట్టికయే మూలము. 1845లోనే బోస్టనులో వంశచరిత్రల కొరకు ఒక సంఘము వెలసినది. అచ్చటి జనాభా లెక్కల కాగితములను డెబ్బది రెండేండ్లు దాచియుంచి, పిదప పేర్లతో సహా అందరికిని తెరచి చూపుదురు. 1950 నాటివి 2022లో తెరచిరి. మన జనాభా లెక్కలలోని పేర్లను చట్టము ప్రకారము ఎవ్వరికిని చూపరు గనుక ఆ దారి మనకు లేదు.

ఇచ్చట నాకు తోచిన యొక వింతను చెప్పెదను. ఆ వలసవారు తాము విడిచి వచ్చిన యూళ్ల పేర్లను క్రొత్త నేలకు పెట్టిరి: బోస్టను, ఇప్స్‌విచ్, డార్చెస్టరు. మనవారు నేలకు పెట్టలేదు, ఇంటికి పెట్టుకొనిరి. కంభమువారు కంభములో నుండుట అరుదు, మార్కాపురమువారు మార్కాపురములో నుండుట అరుదు. ఊరిలో నున్నంతకాలము ఆ యూరి పేరుతో పిలువవలసిన యగత్యము లేదు. పొరుగు సీమకు పోయినప్పుడే "ఫలానా యూరివారు" అందురు. కావున మీ యింటిపేరు ఒక గ్రామము పేరైనచో, మీ పూర్వులు విడిచి వచ్చిన యూరు అదియని నూటికి తొంబది పాళ్లు నమ్మవచ్చును. వెదకులాటకు మొదటి మెట్టు అదియే.

రెండవ మెట్టు కాగితములు. వీనికి పోవువారు ముందుగా నొక సంగతి నెరుగవలెను. ఈ సీమ 1800లో నిజాము కుంఫిణీవారి కప్పగించిన దత్తమండలములలోనిది. అప్పుడు కడప జిల్లాలో చేరినది. మన్రో దొర 1807 వరకు దానికి పెద్ద కలెక్టరు. 1858లో కంభము, మార్కాపురము తాలూకాలను కర్నూలు జిల్లాకు మార్చిరి. 1970లో ఒంగోలు ముఖ్యపట్టణముగా క్రొత్త జిల్లా నేర్పరచి మార్కాపురము, గిద్దలూరు తాలూకాలను దానిలో కలిపిరి. 1972లో దానికి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. ఊరు అంగుళమైనను కదలలేదు. జిల్లా మాత్రము మారుచు వచ్చినది. ఒంగోలులో అడిగి, లేదనిపించుకొని, మా పూర్వులకు కాగితమే లేదని మరలిపోయినవారిని నేనెరుగుదును. తాత కొరకు కర్నూలు లెక్కలను, తాతకు తాత కొరకు కడప లెక్కలను చూడవలెను. ఆ లెక్కలలో నుండునది ఫసలీ సంవత్సరము. దానికి 590 కలిపినచో క్రీస్తుశకము వచ్చును. కుంఫిణీకి ముందటి సంగతులకు మెకంజీ దొర కాలమున కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు మొదలగువారు ఊరూర సేకరించిన కైఫియత్తులు కలవు. అవి మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున నున్నవి.

కాగితములన్నిటిలోను వంశశోధకునికి బంగారమువంటిది ఇనాము రిజిస్టరు. 1858 తరువాత ఇనాము కమీషనువారు ప్రతి మాన్యమును విచారించి, దాత యెవడు, మొదట పుచ్చుకొన్నవా డెవడు, ఇప్పు డనుభవించువాని పేరేమి, వయస్సెంత, మొదటివానికి ఇతడేమగును, వారసు లెవరు అని గడులు గీచి వ్రాయించిరి. వారి కోరిక శిస్తు నిర్ణయించుట. మనకు దక్కినది నాలుగైదు తరముల వంశావళి.

మా బంధువర్గములో నొక కుటుంబమువారు, కంభము చెరువు కట్టించినదని ప్రతీతి గల గజపతుల యాడపడుచు, కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ వెంట తమ మూలపురుషుడు కటకమునుండి వచ్చెనని చెప్పుకొనుచుండిరి. వారి మాన్యమునకు రిజిస్టరు నకలు తెప్పించితిమి. రాణి లేదు, కటకము లేదు. కడప నవాబుల కాలమున, నంది కనుమకు పోవు బాటలో వేసవి చలిపందిరి నడుపుటకై యొకనికి మూడెకరముల చిల్లర నేల యిచ్చినట్లున్నది. చదివి వినిపింపగా ఆ యింటి పెద్ద చాలసేపు మాటాడలేదు. పిదప "ఏనుగు వెంట వచ్చినామనుకొంటిమి, ముంత చేతబట్టి నిలుచున్నామా!" అనెను. ఆయనకు కలిగిన వెలితి నాకు కలుగలేదు. చైత్రవైశాఖములలో ఆ కనుమ దారిని నడచినవారికి, రాణి వెంట వచ్చినవానికంటె నీళ్లు పోసినవాడే పెద్దగా కనబడును. అయినను ఆ యింటి పెండ్లిపత్రికలో మరుసటి యేడు కూడ గజపతుల ప్రస్తావన తప్పలేదు.

మాన్యము లేనివారి మాట యేమి? అమెరికాలోను ఈ ప్రశ్న కలదు. బ్రాడ్‌ఫర్డు పట్టికలో ఆ నేలకు పూర్వమే ఉడయవారైన వాంపనోగుల వంశములు లేవు. 1850, 1860 నాటి జనాభా లెక్కలలో బానిసలను యజమాని పేరు క్రింద వయస్సు, స్త్రీపురుష భేదము, వన్నె మాత్రము చెప్పి లెక్కించిరి, పేరు వ్రాయలేదు. నీగ్రోజాతివారిలో పెక్కుమందికి 1870కి పూర్వపు తాత పేరు దొరకుట దుర్లభము. మన సీమలోను తలారి, వెట్టి మాన్యములు గల కొందరు తప్ప, పరుల పొలములలో పాటుపడిన మాల మాదిగల పేర్లు శిస్తు లెక్కలలో కానరావు. రెడ్ల యిండ్లకు వచ్చి గోత్రములు, ఇంటిపేర్లు వల్లించు పిచ్చుకుంట్లవారి వంటివారి నోటనైనను వీరి పేర్లు వినబడవు.

వీరి పేర్లు మొదట కాగితమున కెక్కినది చిత్రముగా అమెరికావారి చేతనే. ఒంగోలు బాప్తిస్టు మిషనులోని జాన్ క్లౌ దొర న్యూయార్కు రాష్ట్రములో 1836లో పుట్టినవాడు. యౌవనమున తన దేశమున భూములను సర్వే చేసినవాడు. ధాత కరువులో బకింగుహాము కాలువ త్రవ్వకపు గుత్త నొకదానిని పుచ్చుకొని ఆకటివారికి కూలి చూపెను. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వేలంపల్లిలో ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మ మిచ్చిరి. నల్లమలలో పుట్టి కంభము చెరువు నింపి పోవు గుండ్లకమ్మయే అది. 1882లో కంభమునందును, 1895లో మార్కాపురమునందును మిషను స్థానములు వెలసినవి. మతము సంగతి నాకిక్కడ ప్రస్తుతము గాదు. సంఘపు పుస్తకమే ప్రస్తుతము. పేరు, పల్లె, స్నానమైన దినము: ఇంతమాత్రమే యైనను, ఊరిలో "ఓరీ" యను పిలుపు తప్ప వేరు పిలుపు నెరుగని మనిషికి తన పేరు, దాని ప్రక్క తేదీ వ్రాతలో నిలిచినవి. పోలయ్య పౌలుగా మారిన సందర్భములను మాత్రము జాగ్రత్తగా చూచుకొనవలెను. ఇంటిపేరు సాధారణముగా మారదు. ఆ మిషనువారి పాత యుత్తరములు, నివేదికలు అమెరికాలో అట్లాంటా నగరమందలి బాప్తిస్టు చరిత్ర సంఘమున భద్రముగా నున్నవి. కంభము ప్రక్క పల్లెలోని కుటుంబమునకు పూర్వుల జాడ సముద్రము కావల దొరకవచ్చును.

ఇచ్చటి కాగితముల గతి అంత భద్రము గాదు. 1984లో ప్రభుత్వము కరణీకములను తీసివేసినది. సర్కారు లెక్కలు కచేరీకి చేరినవి గాని, సొంత కాగితములు పెట్టెలలోనే నిలిచినవి. అట్టి పెట్టె యొకటి పచారి దుకాణమునకు తూకమున పోయినది. నేను తెచ్చిన చింతపండు పొట్లము విప్పి చూడగా, ఊరు విడిచిపోయిన యొక కాపు పేరును, అతని యన్నదమ్ముల పేర్లలో మొదటి రెండును కనబడినవి. తక్కిన సగము ఏ యింటికి బెల్లముతో పోయినదో!

ఉన్నవానిని చదువువారు కావలెను. అవి గొలుసుకట్టు వ్రాతలో నుండును. అక్షరము విడదీయక కలమెత్తక వ్రాసినవి. ఎన్నెన్నో సీమల బిడ్డలకు పలకలు పంపిన మార్కాపురమున, ఆ వ్రాత చదువగలవారు వ్రేళ్లపై లెక్కింపదగినవారు కూడ నున్నట్లు లేదు. నేనెరిగిన వృద్ధుడొకరు కలరు. ఎవరు ఏ కాగితము తెచ్చినను కాదనక చదివి, ప్రక్కనున్నవానిచే వ్రాయించి పంపును. మధ్యాహ్నము దాటినచో చూపు ఆనదు. పోదలచినవారు ప్రొద్దుననే పోవలెను.