ఉచిత పాఠముల ఋణము

(ఒక గ్రంథాలయ వార్షికోత్సవ సభయందు చేసిన యుపన్యాసము)



న్యాయవాదిని గనుక ఋణపత్రములతో నాకు నిత్యము పని. నేడు మాత్రము పత్రములేని యొక ఋణమును గూర్చి మనవిచేయ వచ్చితిని. ఆ ఋణస్థుడను నేనే.

మూడేండ్ల క్రిందట నా కుమార్తె పదవతరగతి గణితమునకు భయపడుచుండెను. ఒక యుపాధ్యాయుడు తెలుగున చెప్పి అంతర్జాలమున నుచితముగ నుంచిన పాఠములు ఆ భయమును పోగొట్టినవి. చేతనైనవారు చందా పంపవచ్చునని ప్రతి పాఠము క్రిందను రెండు పంక్తు లుండెను. ప్రతిదినము చూచితిని, ఒక్క రూపాయియు పంపనైతిని. పిల్ల యుత్తీర్ణురాలయ్యెను. మరుసటియేడు నా మేనల్లునికై వెదకగా, త్రికోణమితి నడుమ పాఠములు నిలిచిపోయియుండెను. సాయంకాలములందు ట్యూషనులు చెప్పనిదే యిల్లు గడువకున్నదని ఆయన కడపటి మాట. ఎవరిపై వ్యాజ్యము వేయుదును? ప్రతివాదిని నేనే గదా!

ఇట్టి పాఠములకు సార్వత్రిక విద్యావనరు లని పేరు. 2002లో యునెస్కో సమావేశమున నీ పేరు పుట్టినది. వీనిని ప్రోత్సహింపుడని 2019లో ఆ సంస్థ సభ్యదేశములకు సిఫారసు చేసినది. క్రియేటివ్ కామన్స్ సంస్థ 2002లో వెలువరించినవంటి లైసెన్సుల మూలమున, పాఠకర్త తన పాఠమును ఎల్లరు ప్రతులు తీసికొనుటకును పంచుకొనుటకును ముందుగనే యనుమతి నిచ్చును. ఇందొక సూక్ష్మము కలదు. ఆతడు విడిచినది కాపీరైటులో కొంత భాగము మాత్రమే. అన్నవస్త్రముల యక్కరను విడువలేదు. చదువరికి వెల లేకుండుట వేరు, చేయువానికి ఖర్చు లేకుండుట వేరు. ఈ రెంటిని ఒకటిగ నెంచుటయే మన పొరపాటు.

అమెరికాలో సల్మాన్ ఖాన్ అను విద్యావంతుడు 2004లో దూరముననున్న తన బంధుబాలికకు గణితము చెప్ప నారంభించి, 2006 నుండి పాఠములను యూట్యూబునం దుంచెను. 2009లో ఉద్యోగమును వదలి యా పనికే పూనుకొనెను. చూచువారు పెక్కండ్రు, ఇచ్చువారు కొందరు. కూడబెట్టిన సొమ్ముతో సంసారము గడుపవలసివచ్చెను. ఆన్ డోర్ అను నామె పంపిన 10,000 డాలర్లే అంతవరకు వచ్చిన చందాలలో పెద్దది. ఆయన స్థితి తెలిసి యామె మరల లక్ష డాలర్లు పంపెను. 2010లో గూగుల్ సంస్థ 20 లక్షల డాలర్లు ప్రకటించెను. ఖాన్ అకాడమీ నిలిచినది. సంతోషమే. కాని మన జిల్లా యుపాధ్యాయునికి అట్టి దాత తటస్థించునని కూర్చుండ వచ్చునా?

వికీపీడియా మార్గము వేరు. 2001లో పుట్టిన యీ విజ్ఞానసర్వస్వమున ప్రకటనలు లేవు. దానిని పోషించు వికీమీడియా ఫౌండేషనునకు లక్షలమంది పంపు చిన్న చందాలే ప్రధానాధారము. 2003 నుండి నడుచుచున్న మన తెలుగు వికీపీడియాయు ఆ నీడనే యున్నది. అయినను వ్యాసకర్తలకు అందుండి జీతము లేదు. వారు తీరిక వేళల వ్రాయుదురు. దినదినము పాఠము చెప్పువానికి తీరిక చాలదు, జీవిక వలయును.

ప్రభుత్వము చూచుకొనరాదా యని కొందరందురు. చూచుకొనవలసినదే. కేంద్రప్రభుత్వ ధనముతో 2003లో నారంభమైన ఎన్‌పీటీఈఎల్ ఐఐటీల పాఠములను దేశమంతటికి పంచినది. కాని ప్రతి చిన్న ప్రయత్నమును సర్కారు కంటికి కనబడదు. చందాలతో విద్య నడపుట మనకు క్రొత్తయు గాదు. 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికామండలి చరిత్రను, ప్రకృతిశాస్త్రములను తెనుగున నందించినది చందాదారుల తోడ్పాటుతోనే.

కావున నా మనవి. ఇంటికొక పాఠకర్తను ఎన్నుకొని నెలకు 50 రూపాయలు పంపుడు. అట్టివారు 200 మంది చేరిన నెలకు 10,000 రూపాయలగును. ఒక యుపాధ్యాయుని సాయంకాలములు ట్యూషనులనుండి విడుదల యగును. ఒకమారు పంపు వేయికంటె నెలనెల పంపు నేబది మేలు; రేపటి పాఠమును నమ్మకముతో తలపెట్టవచ్చును. వ్యక్తికిచ్చిన సొమ్మునకు ఆదాయపుపన్నులో రాయితీ లేదు, ఆమోదము పొందిన సంస్థ కిచ్చినదానికే కలదు. విదేశ పౌరసత్వము పొందిన తెలుగువారి విరాళమును స్వీకరించుటకు ఇచ్చటి సంస్థకు 2010 నాటి చట్టము క్రింద అనుమతి వలయును. పాఠకర్తలు వరవడిగ లెక్కలు ప్రకటింపవలయును. దాతలు పాఠముపై పెత్తనము కోరరాదు. ఈయలేని బీదపిల్లకు సిగ్గు కలిగించు మాట యొక్కటియు నుండరాదు. ఆమెకొరకే గదా తలుపులు తెరచియుంచుట!

మొన్న నా యుపాధ్యాయునికి జాబు వ్రాసి, మూడేండ్ల చందా నొక్కమారుగ పంపితిని. ఇకముందు నెలనెల పంపుదును. పాఠములు మరల మొదలగునో కావో యెరుగను. ఋణము తీర్చుటకు ఫలము షరతు కాదు. మీ యింటి పిల్ల కే యుచితపాఠము దారి చూపినదో నేటిరాత్రి అడిగి తెలిసికొనుడు. ఆ పాఠము నిలిచిపోకముందే మీ వంతు పంపుడు.