వాననీటి లెక్క – పంచాయతీ బాధ్యత

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



ఉద్యోగధర్మమున మేము గ్రామములు తిరుగునపుడు ఎల్లెడల వినవచ్చు మాట యొక్కటే: “బావిలో నీరు దిగిపోయినది, ఇంకొక బోరు వేయవలెను.” ఆ నీరు ఎక్కడినుండి వచ్చినది, ఎటు పోయినది అని అడుగువారు తక్కువ. ఈ సంగతి తెలిసికొననిచో పంచాయతీ వ్యయపరచు ధనము బండలో పోసినట్లే యగును. కావున నీటి రాకపోకలను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

భూమిపై నున్న నీటిలో నూటికి 97 వంతులు సముద్రపు ఉప్పునీరు. సూర్యుని వేడిమికి ఆ నీరు ఉప్పును విడిచి ఆవిరియై పైకి పోవును. చెరువులు, తడినేలలు, చెట్ల ఆకులు సైతము ఆవిరిని విడుచుచుండును. పైకి పోయినకొలది గాలి చల్లబడును. ఆవిరి సూక్ష్మబిందువులై మేఘమగును. బిందువులు కలిసి బరువెక్కి వానగా కురియును. ఇట్లు లేచిన నీరు ఆకసమున సగటున తొమ్మిది పది దినములకంటె ఎక్కువ నిలువదు. నైరృతి ఋతుపవనములు తెచ్చు తేమలో చాలభాగము పడమటి కనుమలపైననే కురిసిపోవును. అందువలన ఆ కనుమల చాటున నున్న అనంతపురము సీమకు సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే లభించుచున్నది.

ఈ వర్షమును లెక్క వేయుదము. ఒక ఎకరముపై 1 మిల్లీమీటరు వాన కురిసినచో 4,000 లీటర్ల నీరు పడినట్లు. 550 మిల్లీమీటర్లకు 22 లక్షల లీటర్లు! ఇంత నీరు పడగా బావులేల ఎండుచున్నవి? ఇందులో ఎక్కువ భాగము నేలనుండి, పైరునుండి తిరిగి ఆవిరియై పోవును. కొంత వాగులబడి పోవును. రాయలసీమలోను, తెలంగాణలోను నేలక్రింద చాలవరకు గట్టి నల్లరాయి యుండుటచే నీరు నిలుచుటకు మొరపు పొరయు, బండల పగుళ్లును మాత్రమే చోటు. అట్టి నేలలలో లోనికి ఇంకునది సాధారణముగా నూటికి పది వంతుల దరిదాపు మాత్రమే. అనగా ఎకరమునకు రెండు లక్షల లీటర్ల చిల్లర.

వేసవిలో బోరు నీటితో ఎకరము వరి పండించుటకు 40 లక్షల లీటర్లకు తక్కువ పట్టదు. అందు కొంత మరల నేలలోనికే ఇంకుననుట నిజమే. ఆ భాగము తీసివేసినను, ఒక ఎకరము వరి పది ఎకరముల నేలకు ఇంకిన వాననీటిని త్రాగుచున్నది. పొరుగువాని బావి ఎందుకు ఎండినదో ఇపుడు బోధపడును గదా! బోరును ఇంకను లోతునకు దింపుటవలన క్రొత్త నీరు పుట్టదు. ఎన్నో ఏండ్ల క్రిందట ఇంకిన నీరే పైకి వచ్చును.

ఇది మన పూర్వులకు తెలియని విషయము కాదు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజకుమారుడు భాస్కరుడు త్రవ్వించెను. 1369 నాటి ఆ చెరువు శాసనమున మంచి చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములును, చెరువునకు రాగల ఆరు దోషములును చెప్పబడినవి. నీరు కొద్దియై నేల విస్తారమగుట అందొక దోషము.

కొన్ని సంవత్సరముల క్రిందట మెట్టప్రాంతపు గ్రామ మొకదానికి పోయితిమి. ఆ ఏట వానకు లోటు లేదు. అయినను చెరువు సగము నిండలేదు. “దేవుడు చల్లగా చూడలేదండీ” అని గ్రామపెద్ద యొకరు మాతో అనిరి. ఆయనతో కూడ, మీలో కొందరు వరవయనియు, కొందరు కట్టుకాలువయనియు పిలుచు కాలువవెంట పైకి నడిచితిమి. ఒకచోట బాట వేసినవారు తూము ఉంచక మట్టి పోసిరి. మరియొకచోట కాలువ జొన్నచేనై యున్నది. నీరు దారి లేక వేరొక వంకన బడి పోయినది. పెద్దమనిషి కొంతసేపు ఊరకుండి, “ఈ చేను మాదేనండీ” అనిరి. మరుసటి వేసవిలో ఆయనయే ముందు నిలిచి కాలువ త్రవ్వించిరి. మేమును అంతకు మునుపు రెండుమారులు ఆ ఊరికి పోయి, చెరువుకట్టపై నిలిచి ఉపన్యసించి వచ్చితిమే గాని, కాలువవెంట నడువలేదని ఒప్పుకొనుచున్నాము.

కావున మీకు మేము చేయు మనవి యిది. వానలకు ముందు సభ్యులందరును కాలువవెంట మొదటినుండి తుదివరకు నడువుడు. పూడిక తీయించి ఆ మట్టిని పొలములకు తోలించుడు. పూడిన చెరువున నీరు లోతులేక పరచుకొనును. వేసవిలో దినమునకు అరసెంటీమీటరుకు మించి ఎండ త్రాగివేయును. నేలలోనికి ఇంకిన నీటిని ఎండ అంత సులువుగా తాకజాలదు. మే మాసమున ఒకసారి, నవంబరున ఒకసారి ముడులు వేసిన త్రాటితో ఊరిబావి నీటిమట్టము కొలిచి, వర్షపు లెక్కతో కూడ పంచాయతీ గోడపై వ్రాయించుడు. నవంబరు నీటిని చూచి, రబీలో వరియా, వేరుసెనగయా, చిరుధాన్యమా అన్నది గ్రామసభలో నిర్ణయించుకొనుడు.

ఇందుకు మీకు అధికారము లేకపోలేదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చిన్నతరహా నీటిపారుదలను, నీటి యాజమాన్యమును చేర్చినది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము త్రాగునీటి బావులకు దాపున క్రొత్త బావులు త్రవ్వుటను కట్టడి చేసినది.

మేఘమును పిలిపించుట మన చేతిలో లేదు. వచ్చిన నీటికి దారి విడుచుట మన చేతిలోనిదే. ఈ వేసవిలో కాలువవెంట నడచుటకు ఒక దినము నిశ్చయించుకొని మరి ఇండ్లకు పొండని కోరుచు సెలవు గైకొనుచున్నాము.