తన బండి తానే నడిపి గెలిచినవాడు

1907లో ఇంగ్లండ్ రోడ్ల మీద మోటార్‌సైకిల్ పందేలకు చట్టం ఒప్పుకోలేదు. అందుకే పందెం ఐల్ ఆఫ్ మాన్ అనే దీవికి చేరింది. అదే మోటార్‌సైకిళ్ల తొలి టీటీ (టూరిస్ట్ ట్రోఫీ) పందెం. సింగిల్ సిలిండర్ విభాగంలో గెలిచింది చార్లీ కోలియర్. బండి మాచ్‌లెస్. లండన్‌లో కోలియర్ కుటుంబం సొంతంగా తయారుచేసిన బండి! తమ బండిని తామే నడిపి గెలవడం, అదీ ఆయన గొప్పతనం. ఆ బండికి పెడళ్లుండేవి. ఎత్తు వస్తే ఇంజన్ ఒక్కటే చాలదు, కాళ్లూ ఆడాల్సిందే. ఎంత శ్రమో ఊహించండి! 1909లో గెలుపు చార్లీ సోదరుడు హ్యారీది. 1910లో మళ్లీ చార్లీది. 1911లో కొత్త కొండదారిలో రెండోవాడిగా వచ్చాడు. కానీ అనుమతి లేనిచోట పెట్రోలు పోయించుకున్నాడని ఆ స్థానం తీసేశారు. పందేల్లో పాల్గొనడం ఆపినా, చార్లీ బళ్ల తయారీ మానలేదు.