పటం ఒక్కటే, ప్రతులు మూడు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భూమి పటాలు కంప్యూటర్లలోకి ఎక్కాక ఒక శాఖ నుంచి మరో శాఖకు ఎలా వెళుతున్నాయో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను ఇంజనీరును కాను. తాలూకా ఆఫీసులోను, తర్వాత మండల రెవెన్యూ ఆఫీసులోను నకళ్లు రాసిన గుమాస్తాను. ఇది నకళ్ల విషయమే కనుక ధైర్యం చేస్తున్నాను.

ఎఫ్.ఎం.బి. అంటే రెవెన్యూలో పనిచేసిన వారికి చెప్పనక్కరలేదు. సర్వే నంబరుకు ఒక పటం, గొలుసు కొలతలు. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. మా కాలంలో ఒక ప్రతి గ్రామంలో, ఒకటి మా ఆఫీసులో, ఒకటి జిల్లా సర్వే ఆఫీసులో ఉండేవి. పొలం రెండు ముక్కలైతే మూడు చోట్లా దిద్దాలి.

1980ల చివర అలాంటి సబ్ డివిజన్ ఉత్తర్వు ఒకటి వచ్చింది. మా ప్రతిలో దిద్దించాను. సర్వే ఆఫీసుకు వెళ్లవలసిన మెమో మాత్రం నా బల్ల మీది కట్టలో పదకొండు నెలలు ఉండిపోయింది. ఆ పొలంలో సగం వాటా ఒక వితంతువుది. కూతురి పెళ్లికని అమ్మబోతే, కొనేవారు రెండు పటాలూ పోల్చి చూసుకుని వెనక్కి తగ్గారు. ఆమె నా బల్ల దగ్గరకు వచ్చి, "అయ్యా, నా ముక్క మీ పుస్తకంలో ఉంది, వాళ్ల పుస్తకంలో లేదంటున్నారు. ఇంతకీ నా పొలం ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగింది. మర్నాడే మెమో పంపాను. పటం సరైంది గాని, ఆ ఏడు పెళ్లి జరగలేదు. ఆ తప్పు నాదే.

కంప్యూటర్లు వచ్చినంత మాత్రాన ఈ జబ్బు పోలేదు. మన రాష్ట్రంలో 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కార్డ్ పథకం వచ్చింది. భూమి రికార్డుల కంప్యూటరీకరణ వేరుగా సాగింది. ఫ్లాపీలోనో, సీడీలోనో పటం ఇచ్చినా, ఇచ్చిన మర్నాటి నుంచే ఆ నకలు పాతబడుతుంది.

దీనికి మందు వెబ్ సర్వీసు. పటం ఉన్న శాఖ తన బీరువా తాళం ఎవరికీ ఇవ్వదు, ఒక కౌంటరు తెరుస్తుంది. ఎవరి సాఫ్ట్‌వేర్ ఏదైనా ఆ కౌంటరు దగ్గర అందరూ ఒకే పద్ధతిలో అడగాలని 1994లో ఏర్పడ్డ ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్షియం నియమాలు రాసింది. 2000లో వచ్చిన నియమం ప్రకారం పటం బొమ్మగా వస్తుంది, అది ఫొటోస్టాట్ వంటిది. 2002లో వచ్చిన దాని ప్రకారం హద్దుల గీతలు, వాటి వివరాలు కూడా వస్తాయి. అంటే రిజిస్టరులోని ఎంట్రీయే వచ్చినట్టు.

ఇక రెప్లికేషన్. మొదటిసారి పటమంతా రెండో ఆఫీసుకు వెళుతుంది. ఆ తర్వాత మారినవి మాత్రమే వెళతాయి. ప్రతి మార్పుల కట్టకూ వరుస సంఖ్య ఉంటుంది. అందినట్టు రసీదు రాకపోతే మళ్లీ పంపుతుంది. మన లోకల్ డెలివరీ పుస్తకంలో సంతకం తీసుకున్నట్టే! నా మెమో లాగా కట్టలో నిద్రపోతే వెంటనే బయటపడుతుంది.

సర్వే నంబరు చీలినా గందరగోళం రాకుండా ప్రతి ముక్కకూ తనదైన గుర్తు ఉండాలి. అందుకే 14 అక్షరాంకెల భూ ఆధార్ సంఖ్యను కేంద్రం తెచ్చింది. ఒకే ముక్కను రెండు ఆఫీసులూ ఒకేసారి దిద్దితే యంత్రం ఆ తగాదాను పట్టి చూపుతుంది. హద్దు విషయంలో ఎవరి మాట చెల్లాలి, పేరు విషయంలో ఎవరి మాట చెల్లాలి అన్నది మాత్రం ముందే అధికారులు రాసిపెట్టాలి. యంత్రానికి న్యాయం తెలియదు, నియమమే తెలుసు.

ఇంకో జాగ్రత్త. మూలప్రతిలో తప్పుంటే ఆ తప్పు కూడా అంతే వేగంగా అన్ని ఆఫీసులకూ చేరుతుంది. మా రోజుల్లో ఒక పుస్తకం తప్పయితే రెండోది సాక్ష్యం పలికేది. ఇకపై ఆ సాక్షి ఉండడు. కనుక పాత ప్రతులను పారేయకుండా భద్రపరచాలి, ఎవరు ఎప్పుడు ఏం దిద్దారో చరిత్ర నిలవాలి.

మిత్రులారా, మనలో చాలామందికి ఊళ్లో ఎకరమో, అరెకరమో ఉంటుంది. అడంగల్, 1-బి, ఎఫ్.ఎం.బి. మూడూ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. తెలంగాణలో ఉన్నవారు పహాణీ, పట్టాదారు పుస్తకం, పటం చూడండి. పేరు, విస్తీర్ణం, హద్దు కలవకపోతే అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. మన కాలం వెళ్లాక పిల్లలు ఏదో ఒక గుమాస్తా బల్ల ముందు నిలబడి "మా పొలం ఉన్నట్టా, లేనట్టా?" అని అడగవలసిన పరిస్థితి రాకూడదు.