భయము వలదు, విశ్వాసము వలయును



1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు మన హోసూరు, కృష్ణగిరి తాలూకాలు మద్రాసు రాష్ట్రమునందే నిలిచినవి. 2006లో, ఒకటవ తరగతి మొదలుకొని తమిళమును క్రమముగా నిర్బంధ పాఠ్యముగా జేయు చట్టము వచ్చినది. మన పిల్లల తెలుగు ఏమగునో యను భయము ఇంటింట నున్నది.

యెరూషలేము ముట్టడిలో నున్నవేళ, బందీయైన యిర్మీయా ప్రవక్త అనాతోతు పొలమును 17 తులముల వెండికి కొని, క్రయపత్రమును మట్టికుండలో భద్రపరపించెను. శత్రువు చేజిక్కనున్న భూమికి వెల యిచ్చుట వర్తకులమైన మాకు నష్టబేరముగా తోచును. దేవుని వాగ్దానమును నమ్మిన యాతనికి అట్లు తోచలేదు.

రేపటికై చింతింపవలదన్న క్రీస్తుప్రభువు నేటి పని మానుమనలేదు. తమిళమును ప్రేమతో నేర్తము. ప్రతిరాత్రి కుటుంబప్రార్థనలో పిల్లలచేత తెలుగు బైబిలు చదివింతము. మన అనాతోతు పొలము ఇదియే, నేడే కొందము.