పైకప్పు ముందే చెబుతుంది

(స్వర్ణోత్సవ సభలో మన పూర్వ విద్యార్థి, విశ్రాంత సివిల్ ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దుటినుంచి అందరూ చిన్ననాటి ముచ్చట్లు చెబుతున్నారు. నాకూ చెప్పాలనే ఉంది. కానీ వస్తూ వస్తూ మన పాత బ్లాకులోకి వెళ్లి చూశాను. ముప్పై ఏళ్లు ప్రభుత్వ భవనాల మరమ్మతులు చేయించినవాణ్ని, చూసి ఊరుకోలేకపోయాను. పండుగ పూట ఇదేం మాట అనుకోకుండా కాసేపు వినండి.

2025 జులై 25న రాజస్థాన్ ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామంలో ప్రభుత్వ పాఠశాల పైకప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. పైనుంచి రాళ్లు రాలుతున్నాయని పిల్లలు ముందే చెప్పారని పత్రికల్లో చదివాను. ఆ వాక్యం దాటి ముందుకు చదవలేకపోయాను.

ఏ భవనమూ ఒక్క రోజులో పాడవదు. శ్లాబు మీది తూముకు ఆకులు అడ్డం పడతాయి. నీరు నిలిచి, సన్నని పగులులోంచి దిగి ఇనుప కడ్డీని చేరుతుంది. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బి, కింది కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడుతుంది. పాత డంగుసున్నం గోడల కథ వేరు. పిట్టగోడ సందులో రావి మొక్క మొలుస్తుంది. కొమ్మలు నరికి చేతులు దులుపుకుంటాం, లోపల వేరు గోడను చీలుస్తూనే ఉంటుంది. పైన నున్నగా సిమెంటు పూస్తే లోపలి చెమ్మకు బయటికి దారి ఉండదు.

నేనూ అలా పూయించినవాణ్నే. ఒక బడికి పెద్దలు వస్తున్నారంటే, పెచ్చులూడిన చోట సిమెంటు మెత్తించి, వెల్ల వేయించి బిల్లు రాశాను. తర్వాతి వానాకాలంలో అదంతా ఊడిపడి కింద బెంచీ విరిగింది. ఆ రోజు ఆదివారం. కాబట్టే ఇవాళ మీ ముందు నిలబడగలుగుతున్నాను.

పెద్ద భవనాలకూ ఇదే గతి. హైదరాబాదులో 1908 మూసీ వరద తర్వాత, విన్సెంట్ ఎష్ రూపకల్పనతో కట్టిన ఉస్మానియా ఆసుపత్రి ఎంత ఘనమైనదో మీకు తెలుసు. పెచ్చులు రాలుతున్నాయని ఏళ్ల తరబడి వింటూ వచ్చాం. 2020 జులైలో వార్డుల్లోకి వాన నీరు చేరాక, రోగులను తరలించి పాత భవనాన్ని మూసేశారు.

కొత్త భవనానికి శిలాఫలకం ఉంటుంది. తూములో ఆకులు తీసినవాడికి ఉండదు. అందుకే కట్టడానికి దొరికినంత సులువుగా కాపాడటానికి డబ్బు దొరకదు.

ఇక మన సంగతి. ఎనిమిదో తరగతి గదిలో, మనం గోడ మీద పేర్లు చెక్కుకున్న మూలన, పైన కడ్డీలు బయటపడ్డాయి. పరీక్ష జరిగేదాకా అక్కడ పిల్లల్ని కూర్చోబెట్టవద్దని హెడ్మాస్టరుగారిని కోరాను. ఆయన వెంటనే తాళం వేయించారు.

స్వర్ణోత్సవ గుర్తుగా ముఖద్వారానికి ఆర్చి కట్టాలని సంఘం అనుకుంటోంది. అందులో నా చందా కూడా ఉంది. దయచేసి ఆ డబ్బుతో ముందు పాత బ్లాకును పరీక్ష చేయించి, కావలసిన మరమ్మతు చేయిద్దాం. మిగిలింది బ్యాంకులో వేసి, ఆ వడ్డీతో ఏటా మృగశిర కార్తెకు ముందే పైకప్పులు, తూములు చూపిద్దాం. నిచ్చెన ఎక్కే ఓపిక ఉన్నన్నాళ్లు ఆ పని నేను చేస్తాను. తర్వాత మీలో ఎవరో ఒకరు అందుకోవాలి.